హాల్ ప్రోబుల వినియోగం, సంరక్షణ

హాల్ ప్రోబు అనేది అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సాధనం. గాస్‌మీటరు లేదా టెస్లామీటరు అని పిలువబడే పరికరానికి దీనిని తీగ ద్వారా కలిపి వాడతారు. సన్నని కడ్డీ, దానికి ఒక చివర పట్టుకొనుటకు పిడి, మరొక చివర కొసలో చిన్న అర్ధవాహక ఫలకం దీని ముఖ్య భాగాలు. కొలత జరిగేది ఈ ఫలకం వద్దనే. మీటరు ఎంత ఖరీదైనదైనా, కొసలోని ఫలకం సరిగా లేనిచో అది చూపే సంఖ్యకు విలువ ఉండదు.

విరిగిన ఉష్ణమాపకాన్ని చూడగానే గుర్తించవచ్చును. హాల్ ప్రోబు విషయం అటువంటిది కాదు. ఒత్తిడికి లోనైన ప్రోబు చాలాసార్లు పనిచేయడం మానదు. మునుపటివలెనే అంకెలు చూపుతుంది కాని ఆ అంకెలు తప్పు. అందువలన ప్రోబును పట్టుకొనే తీరు, బిగించే తీరు, భద్రపరచే తీరు కేవలం వస్తువు మన్నికకు సంబంధించిన విషయాలు కావు, కొలతలో భాగాలే.

చరిత్ర

అమెరికా శాస్త్రవేత్త ఎడ్విన్ హెర్బర్ట్ హాల్ (1855-1938) బాల్టిమోరు నగరంలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉండగా 1879 లో ఈ ప్రభావాన్ని కనుగొన్నాడు. మొదట మందమైన లోహపు బిళ్ళతో చేసిన ప్రయోగం ఫలించలేదు. ఆచార్యుడు హెన్రీ రోలండ్ సలహాపై గాజు పలకకు అతికించిన పలుచని బంగారు రేకును వాడగా ఫలితం కనిపించింది. అంటే పలుచని ఫలకం, దానిని మోసే గట్టి ఆధారం అనే రెండు అంశాలు మొదటి ప్రయోగం నుండే హాల్ ప్రోబులో ఉన్నాయి.

లోహాలలో ఏర్పడే హాల్ వోల్టేజి చాలా తక్కువ కనుక ఈ ప్రభావం చాలాకాలం కొలత సాధనంగా ఉపయోగపడలేదు. జర్మనీలో సీమెన్స్ సంస్థకు చెందిన హైన్రిచ్ వెల్కర్ 1950వ దశకం తొలినాళ్ళలో ఇండియం యాంటిమొనైడ్ వంటి సమ్మేళన అర్ధవాహకాలపై చేసిన కృషి తరువాత హాల్ ప్రోబులు వాడుకలోకి రాసాగాయి. ఇండియం ఆర్సెనైడ్, గాలియం ఆర్సెనైడ్‌లను కూడా వీటి తయారీలో వాడతారు.

పనిచేయు విధానం

ఒక పలుచని ఫలకంలో విద్యుత్ ప్రవాహం పోవుచుండగా, ఫలకపు తలానికి లంబంగా అయస్కాంత క్షేత్రం ఉన్నచో ఆవేశ వాహకాలు ఒక అంచు వైపునకు నెట్టబడతాయి. ఫలితంగా రెండు అంచుల మధ్య వోల్టేజి ఏర్పడుతుంది. ఈ వోల్టేజి విద్యుత్ ప్రవాహానికి, క్షేత్రానికి అనులోమానుపాతంలోను, ఫలకపు మందానికి, వాహకాల సాంద్రతకు విలోమానుపాతంలోను ఉంటుంది.

ఫలకం పలుచనైనకొద్దీ వోల్టేజి పెరుగుతుంది, ఫలకం పెళుసుదనమూ పెరుగుతుంది. ప్రోబు సున్నితత్వానికి కారణమైన గుణమే దాని బలహీనతకూ కారణం. అంతేకాక అర్ధవాహకాన్ని వంచినా నొక్కినా దాని విద్యుత్ నిరోధం మారుతుంది. కనుక ఫలకం పగలకపోయినా, దానిపై నిలిచిపోయిన ఒత్తిడి కొలతను మార్చివేస్తుంది.

ఏర్పడే వోల్టేజి ఎంత స్వల్పమో ఒక ఉదాహరణతో తెలుసుకొనవచ్చును. 1 టెస్లా అనగా 10,000 గాస్‌లు. ఒక టెస్లా క్షేత్రంలో 10 మిల్లీవోల్టులు ఇచ్చే ప్రోబు, ఒక గాస్ క్షేత్రంలో ఇచ్చేది 1 మైక్రోవోల్టు మాత్రమే. ఇంత చిన్న వోల్టేజిని కొలిచేటప్పుడు తీగల అతుకుల వద్ద ఉష్ణోగ్రతలో కలిగే కొద్దిపాటి తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

ప్రోబుల రకాలు

* అడ్డు ప్రోబు: కడ్డీ బల్లపరుపుగా ఉంటుంది. కడ్డీ వెడల్పాటి ముఖానికి లంబంగా ఉన్న క్షేత్రాన్ని కొలుస్తుంది. విద్యుదయస్కాంతపు ధ్రువాల మధ్యనున్న ఇరుకైన సందులో పెట్టుటకు అనువైనది. కొన్నింటి మందం సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే.
* అక్షీయ ప్రోబు: కడ్డీ గుండ్రంగా ఉంటుంది. కడ్డీ పొడవు దిశలోని క్షేత్రాన్ని కొలుస్తుంది. తీగచుట్టల లోపల వాడతారు.
* త్రిదిశా ప్రోబు: పరస్పరం లంబంగా అమర్చిన మూడు ఫలకాలతో మూడు దిశల క్షేత్రాన్ని ఒకేసారి కొలుస్తుంది.
* శీతల ప్రోబు: ద్రవ హీలియం వంటి అతిశీతల పరిస్థితులలో పనిచేయుటకు ప్రత్యేకంగా తయారైనది.

తప్పు కొలత వలన కలిగే నష్టం

ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రం చుట్టూ క్షేత్రం 5 గాస్‌లు ఉండే హద్దును, పేస్‌మేకరు వంటి పరికరాలు అమర్చుకొన్నవారు దాటకూడని గీతగా చాలాకాలం పాటించారు. 2022 లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఈ విలువను 9 గాస్‌లుగా నిర్ణయించింది. ఏ విలువను పాటించినా, గీతను గుర్తించేది కొలతయే. ప్రోబులో ఒక గాస్ శూన్యదోషం ఉన్నచో, ఒక టెస్లా అయస్కాంతాన్ని కొలిచేటప్పుడు అది పదివేలలో ఒక వంతు మాత్రమే. అదే దోషం 5 గాస్‌ల గీత వద్ద అయిదింట ఒక వంతు అవుతుంది.

విమాన భాగాలు, యంత్ర భాగాలలోని పగుళ్ళను కనుగొనుటకు ఉక్కును అయస్కాంతీకరించి, దానిపై సన్నని ఇనుప రేణువులను చల్లే పరీక్ష ఒకటి ఉన్నది. పగులు ఉన్నచోట రేణువులు చేరుతాయి. ఇందుకు లోహపు ఉపరితలం వద్ద సాధారణంగా 30 నుండి 60 గాస్‌ల క్షేత్రం ఉండేటట్లు చూసి, దానిని హాల్ ప్రోబుతో నిర్ధారిస్తారు. ప్రోబు ఉన్నదానికంటె ఎక్కువ చూపినచో, చాలినంత క్షేత్రం లేకుండానే పరీక్ష పూర్తవుతుంది. పగులు కనిపించదు.

ప్రోబును పట్టుకొనే పద్ధతి

ప్రోబును ఎల్లప్పుడు పిడి వద్దనే పట్టుకొనవలెను. కొసను వేళ్ళతో తాకుట, గోటితో నొక్కుట, గుడ్డతో గట్టిగా రుద్దుట కూడదు. మురికి చేరినచో మెత్తని గుడ్డను కొద్దిగా తడిపి పైపైన తుడవవలెను. అసిటోన్ వంటి ద్రావకాలు ఫలకాన్ని కప్పి ఉంచే రెసిన్ పూతకు హాని చేయవచ్చును కనుక తయారీదారు సూచించని ద్రావకాలను వాడరాదు.

సందు ఎంత ఇరుకుగా ఉన్నదో తెలుసుకొనుటకు ప్రోబునే దూర్చి చూచుట పలుచోట్ల కనిపించే అలవాటు. ఇది ప్రోబుకు మిక్కిలి హానికరం. ముందుగా ప్రోబు మందమే ఉన్న అట్టముక్కను గాని ప్లాస్టిక్ బద్దను గాని దూర్చి చూచి, అది సులభంగా కదలినప్పుడే ప్రోబును పెట్టవలెను. ప్రోబు కొసను అయస్కాంతం ముఖానికి ఆనించవలసి వచ్చినప్పుడు కేవలం తాకునట్లు ఉంచవలెనే గాని అదిమి పట్టరాదు. గట్టిగా అదిమినందున కొలత మెరుగుపడదు.

వంగే కడ్డీ ఉన్న ప్రోబులను సైతం పదేపదే వంచరాదు. వంపు కడ్డీ మధ్యభాగంలో ఉండవలెను, ఫలకం ఉన్న కొస వద్ద ఉండరాదు. తీగను పట్టి ప్రోబును లాగుట, తీగపై కుర్చీ కాళ్ళు గాని బరువైన పనిముట్లు గాని పడనిచ్చుట వలన లోపలి సన్నని తీగలు తెగుతాయి. తీగను చుట్టేటప్పుడు పెద్ద వలయాలుగా చుట్టవలెను. ప్రోబును మీటరుకు కలిపేటప్పుడు, విడదీసేటప్పుడు మీటరును ఆపివేయుట మంచిది. పలు ఆధునిక ప్రోబుల క్రమాంకన వివరాలు వాటి కనెక్టరులోని చిన్న జ్ఞాపక చిప్పులో నిలువ ఉంటాయి. మీటరు వాటిని ఆరంభంలో చదువుకొంటుంది.

బిగించే పద్ధతి

చేతితో పట్టుకొన్న ప్రోబు స్థిరంగా ఉండదు. పోల్చదగిన కొలతలు కావలెనన్నచో ప్రోబును స్టాండుకు బిగించవలెను. బిగింపు పిడి వద్దనే ఉండవలెను. కడ్డీకి ఆధారం తప్పనిసరి అయినచో, దానిని గాడి చేసిన బద్దలో వదులుగా నిలిపి ఉంచవలెను. కడ్డీపై క్లాంపు మరను బిగించినచో ఆ ఒత్తిడి ఫలకం వరకు చేరవచ్చును. ప్రయోగశాలలో సామాన్యంగా లభించే ఇనుప స్టాండు, ఇనుప క్లాంపు ఈ పనికి తగవు. అవి తామే క్షేత్రాన్ని మార్చివేస్తాయి.

బిగింపునకు అల్యూమినియం, ఇత్తడి, బేకలైటు, నైలాన్, కర్ర తగినవి. తుప్పుపట్టని ఉక్కు అయస్కాంతానికి అంటుకొనదని నమ్మి వాడుట సరికాదు. అందులో కొన్ని రకాలు వంచినప్పుడు, సాగదీసినప్పుడు కొంత అయస్కాంత గుణాన్ని పొందుతాయి. ఇత్తడిలో ఇనుము మాలిన్యంగా ఉండవచ్చును. ప్రతి మరను, ప్రతి బద్దను ప్రోబు దగ్గరకు తెచ్చి, మీటరు కదలుచున్నదో లేదో చూచిన తరువాతనే వాడవలెను.

దిశ

ప్రోబు తన ఫలకానికి లంబంగా ఉన్న క్షేత్రాంశాన్ని మాత్రమే కొలుస్తుంది. ప్రోబు ఒరిగినచో మీటరు చూపేది అసలు క్షేత్రాన్ని ఆ కోణపు కొసైన్‌తో గుణించగా వచ్చే విలువ. 1 డిగ్రీ ఒరిగినప్పుడు తగ్గుదల 0.015 శాతం, 5 డిగ్రీలకు 0.38 శాతం, 10 డిగ్రీలకు 1.5 శాతం. కనుక క్షేత్రపు పూర్తి విలువను కొలిచేటప్పుడు ప్రోబును మెల్లగా ఇటూ అటూ తిప్పి, గరిష్ఠ విలువ వచ్చిన స్థానంలో బిగించవలెను.

క్షేత్రపు ఒక దిశలోని చిన్న అంశాన్ని కొలిచేటప్పుడు పరిస్థితి భిన్నం. ఒక టెస్లా క్షేత్రానికి అడ్డంగా ఉన్న బలహీనమైన అంశాన్ని కొలుస్తూ ప్రోబును 1 డిగ్రీ తప్పుగా బిగించినచో, ప్రధాన క్షేత్రం నుండి సుమారు 175 గాస్‌లు కొలతలో కలిసిపోతాయి. ఇటువంటి కొలతలకు కోణాన్ని సవరించగల పీఠం అవసరం.

దూరం

ఫలకం కడ్డీ ఉపరితలంపై ఉండదు, కొంత లోపల ఉంటుంది. కొస చివరి నుండి ఫలకం మధ్యభాగం వరకు గల దూరాన్ని తయారీదారు తెలుపుతాడు. దానిని లెక్కలోకి తీసుకొనవలెను. చిన్న అయస్కాంతం నుండి తగినంత దూరంలో క్షేత్రం దూరపు ఘనానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. 10 మిల్లీమీటర్ల దూరం 11 మిల్లీమీటర్లు అయినచో క్షేత్రం దాదాపు నాలుగింట ఒక వంతు తగ్గుతుంది. ఇద్దరు ఒకే అయస్కాంతాన్ని కొలిచి వేర్వేరు విలువలు పొందినప్పుడు, మీటర్లను అనుమానించుటకు ముందు దూరాలను సరిచూచుట మేలు.

బలమైన అయస్కాంతాల వద్ద

స్థిరమైన అయస్కాంత క్షేత్రం ఎంత బలమైనదైనా హాల్ ఫలకం దానివలన శాశ్వతంగా చెడిపోదు. ప్రమాదం అయస్కాంతపు ఆకర్షణ వలన కలుగుతుంది. 1 టెస్లా క్షేత్రంలో అయస్కాంతానికి, దానిని తాకిన ఇనుముకు మధ్య ప్రతి చదరపు సెంటీమీటరుపై పనిచేసే బలం సుమారు 4 కిలోల బరువుకు సమానం. నియోడిమియం అయస్కాంతం జారి ఇనుప బల్లకు అతుక్కొన్నప్పుడు మధ్యలో ప్రోబు ఉన్నచో అది నలిగిపోతుంది. కనుక అయస్కాంతాన్ని కదలకుండా బిగించిన తరువాత ప్రోబును దగ్గరకు తీసుకొని రావలెను. తీసివేసేటప్పుడు ముందు ప్రోబును, తరువాత అయస్కాంతాన్ని తీయవలెను. ఇనుప పనిముట్లను దూరంగా ఉంచవలెను.

ఏకాంతర క్షేత్రాలలో

ఏకాంతర విద్యుత్తు వలన ఏర్పడే క్షేత్రాలను కొలిచేటప్పుడు లోహపు కడ్డీలో సుడి ప్రవాహాలు పుట్టి కడ్డీని వేడెక్కిస్తాయి, క్షేత్రాన్ని కూడా మారుస్తాయి. ఇందుకు గాజునార వంటి అవాహక పదార్థంతో చేసిన కడ్డీ గల ప్రోబును వాడవలెను. మీటరుకు పోయే తీగను ఏకాంతర క్షేత్రంలో వలయంగా పడి ఉండనీయరాదు. ఆ వలయంలో ప్రేరితమయ్యే వోల్టేజి కొలతలో కలుస్తుంది.

శూన్య సవరణ

క్షేత్రం లేనప్పుడు కూడా ప్రోబు కొంత వోల్టేజిని చూపుతుంది. దీనిని సరిచేయుటకు ప్రోబును శూన్యక్షేత్ర గదిలో ఉంచి మీటరును సున్నాకు తెస్తారు. ఇది మ్యూ-మెటల్ అనే నికెల్-ఇనుము మిశ్రమలోహంతో చేసిన చిన్న గొట్టం. దాని అధిక ప్రవేశ్యశీలత వలన భూమి క్షేత్రం గోడల గుండా పోయి, లోపల దాదాపు శూన్యంగా ఉంటుంది. భూమి క్షేత్రం ప్రదేశాన్నిబట్టి 0.25 నుండి 0.65 గాస్‌ల వరకు ఉంటుంది.

ఈ గొట్టం కూడా సున్నితమైనదే. క్రిందపడినా, నొక్కుకుపోయినా మ్యూ-మెటల్ ప్రవేశ్యశీలత తగ్గుతుంది. దానిని పునరుద్ధరించుటకు ఉన్నత ఉష్ణోగ్రత వద్ద తిరిగి కాచి చల్లార్చవలసి ఉంటుంది. బలమైన అయస్కాంతం దగ్గర ఉంచినచో గొట్టమే అయస్కాంతీకరణ చెందుతుంది. అటువంటి గొట్టంలో చేసిన శూన్య సవరణ ఆ తరువాతి కొలతలన్నింటిలోను ఒకే దోషాన్ని చేర్చుతుంది.

గొట్టం లేనిచోట ప్రోబును తిప్పి చూచే ఉపాయం ఉన్నది. ఒకేచోట ప్రోబును ఒకసారి నేరుగా, మరొకసారి 180 డిగ్రీలు తిప్పి చదవవలెను. ఉదాహరణకు మొదటి విలువ +5.8 గాస్‌లు, రెండవది -4.2 గాస్‌లు అయినచో, రెండింటి మొత్తంలో సగమైన 0.8 గాస్ శూన్యదోషం, వాటి భేదంలో సగమైన 5.0 గాస్‌లు నిజమైన క్షేత్రం. తిప్పినప్పుడు ఫలకం అదే స్థానంలో ఉండేటట్లు చూడవలెను.

ఉష్ణోగ్రత

ఇండియం యాంటిమొనైడ్ ప్రోబులకు సున్నితత్వం ఎక్కువ, ఉష్ణోగ్రత ప్రభావమూ ఎక్కువ. గాలియం ఆర్సెనైడ్, ఇండియం ఆర్సెనైడ్ ప్రోబులు ఈ విషయంలో స్థిరమైనవి. ఏ రకమైనా, చల్లని గది నుండి వేడి ప్రదేశానికి తెచ్చిన వెంటనే కొలతలు తీయరాదు. ప్రోబు పరిసర ఉష్ణోగ్రతకు చేరి అంకెలు నిలకడగా ఉన్న తరువాత శూన్య సవరణ చేసి కొలవవలెను. చాలాసేపు విద్యుత్తు ప్రవహించిన విద్యుదయస్కాంతం వేడెక్కి ఉంటుంది. దాని ధ్రువాల మధ్య ఉంచిన ప్రోబూ వేడెక్కుతుంది.

శీతల ప్రోబులను నెమ్మదిగా చల్లబరచి, నెమ్మదిగానే సాధారణ ఉష్ణోగ్రతకు తీసుకొని రావలెను. ఫలకం, దాని ఆధారం, జిగురు వేర్వేరుగా సంకోచించుట వలన హఠాత్తుగా చల్లబరచినప్పుడు ఫలకం పగలవచ్చును. సాధారణ ప్రోబులను అతిశీతల ద్రవాలలో ముంచరాదు.

భద్రపరచుట

* పని ముగిసిన వెంటనే కొసకు రక్షక గొట్టాన్ని తొడగవలెను. మీటరుకు కలిపి ఉన్నప్పటికీ, కొలతల మధ్య విరామంలో కూడా ఇది అవసరం.
* ప్రోబును మెత్తని నురుగు పరచిన గట్టి పెట్టెలో, కొసపై ఏ భారమూ పడకుండా ఉంచవలెను. ఇతర పనిముట్లున్న సొరుగులో పడవేయరాదు.
* తేమ ఎక్కువగా ఉండే సముద్రతీర ప్రాంతాలలోను, వానాకాలంలోను పెట్టెలో సిలికా జెల్ సంచిని ఉంచి, అది తేమను పీల్చినప్పుడు ఆరబెట్టుచుండవలెను.
* ఎండ పడే కిటికీ వద్ద, మూసిన వాహనంలో ప్రోబును విడిచిపెట్టరాదు.
* అయస్కాంతాలను అదే పెట్టెలో ఉంచరాదు. అవి ప్రోబు ఫలకాన్ని చెరచకపోయినా, ఇనుప రజనును ఆకర్షిస్తాయి, శూన్యక్షేత్ర గొట్టాన్ని పాడుచేస్తాయి.
* ప్రతి ప్రోబుకు దాని క్రమాంకన పత్రాన్ని జతచేసి ఉంచవలెను. ఒక ప్రోబు పత్రాన్ని మరొక ప్రోబుకు వాడరాదు.

తనిఖీ

దెబ్బతిన్న ప్రోబు తనంత తాను ఆ విషయాన్ని తెలుపదు కనుక కొలతలకు ముందు, తరువాత దానిని సరిచూచుట అవసరం. కదలని ఆధారంలో బిగించిన ఒక శాశ్వత అయస్కాంతాన్ని ఇందుకు కేటాయించుకొనవచ్చును. ప్రోబు కొత్తదిగా ఉన్నప్పుడే ఒక నిర్ణీత స్థానంలో విలువను, గది ఉష్ణోగ్రతను పుస్తకంలో వ్రాసుకొనవలెను. తరువాతి రోజులలో విలువ మారినచో ప్రోబును అనుమానించవలెను. ప్రోబు క్రిందపడిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయుట మంచిది.

కళాశాలలలో హెల్మ్‌హోల్ట్జ్ తీగచుట్టల జత కూడా ఉపయోగపడుతుంది. ఒక్కొక్క చుట్టలో 100 చుట్లు, వ్యాసార్ధం 15 సెంటీమీటర్లు, ప్రవాహం 1 ఆంపియరు అయినచో మధ్యభాగంలో క్షేత్రం సుమారు 6.0 గాస్‌లని లెక్క వలన తెలుస్తుంది. ప్రవాహ దిశను మార్చి రెండుసార్లు చదివి, భేదంలో సగం తీసుకొన్నచో భూమి క్షేత్రము, శూన్యదోషము రెండూ తొలగిపోతాయి. స్టీవార్ట్-గీ పరికరంతో ప్రయోగం చేసిన డిగ్రీ విద్యార్థులకు, ప్రవాహాన్ని త్రిప్పివేసే ఈ పద్ధతి పరిచితమైనదే.

అత్యంత ఖచ్చితమైన క్రమాంకనానికి కేంద్రక అయస్కాంత అనునాదాన్ని ఆధారంగా తీసుకొంటారు. ప్రోటానుల అనునాద పౌనఃపున్యం ప్రతి టెస్లాకు 42.577 మెగాహెర్ట్జ్ కనుక, క్షేత్రపు కొలత పౌనఃపున్యపు కొలతగా మారుతుంది.

ఇతర ప్రోబులు

హాల్ ప్రోబుకు వర్తించే జాగ్రత్తలన్నీ ఇతర సాధనాలకు అదే విధంగా వర్తించవు. బలహీన క్షేత్రాలను కొలిచే ఫ్లక్స్‌గేట్ సాధనంలో మృదు అయస్కాంత పదార్థంతో చేసిన అంతర్భాగం ఉంటుంది. బలమైన అయస్కాంతం సమీపించినచో దానిలో శేష అయస్కాంతత్వం నిలిచి కొలత మారవచ్చును. కనుక ఈ సాధనాన్ని అయస్కాంతాల నుండి దూరంగా ఉంచుట హాల్ ప్రోబు కంటె ఎంతో ముఖ్యం. భూ అయస్కాంత వేధశాలలలో ఫ్లక్స్‌గేట్ సాధనాలను ఇనుము లేని కట్టడాలలో, కదలని స్తంభాలపై నెలకొల్పుతారు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ హైదరాబాదులోను, చౌటుప్పల్‌లోను ఇటువంటి వేధశాలలను నిర్వహిస్తున్నది.

శోధక తీగచుట్ట అనే సాధనంలో పెళుసైన ఫలకం ఉండదు. దాని చుట్ల సంఖ్య, వైశాల్యం మారనంతవరకు కొలత మారదు. అయితే చుట్ట నొక్కుకుపోయినచో వైశాల్యం తగ్గి, కొలత కూడా తగ్గుతుంది. ఇక్కడ కూడా సాధనం ఆకారాన్ని కాపాడుటయే కొలతను కాపాడుట.